గంటల తరబడి మరిగిన సూప్, క్షణాల్లో ముంచిన నూడుల్స్: ఓ వియత్నామీస్ రెస్టారెంట్ రివ్యూ

వియత్నామీస్ రెస్టారెంట్ ఎలాంటిదో తేల్చుకోవడానికి మెనూ అంతా చదవక్కర్లేదు. గిన్నె బల్ల మీదకు రాగానే నిమ్మకాయ పిండకుండా, సాస్ సీసా ముట్టుకోకుండా రెండు చెంచాల సూప్ తాగితే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది. ఇక్కడ తెలిసేదేమిటంటే, ఈ వంటగదిలో ఎముకలు నిజంగానే ఉడుకుతున్నాయి. నాలుగో చెంచాకల్లా పెదవులు ఒకదానికొకటి సన్నగా అతుక్కుంటాయి. ఎముకల్లోని, కీళ్లలోని జిగురు నీళ్లలోకి దిగితేనే అలా అవుతుంది. పొడి కలిపి చేసిన సూప్‌కి ఉప్పు, కారం, వాసన అన్నీ తెప్పించవచ్చుగానీ ఆ జిగురు రాదు. అనుమానం ఉంటే సూప్ పార్సిల్ తీసుకెళ్లి ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. తెల్లారేసరికి పైన పలచని కొవ్వు పొర కట్టి, కింద సూప్ గడ్డకట్టి, గిన్నె కదిపితే జెల్లీలా వణుకుతుంది.

మెనూలో ఫో మూడు రకాలు, బున్ బో హ్వే, బున్ రియూ, హు తియూ ఉన్నాయి. అన్నీ సూప్, నూడుల్స్ గిన్నెలే. ఫో అని రాస్తున్నాంగానీ వియత్నామీయులు పలికేటప్పుడు అది ‘ఫ’కు దగ్గరగా, చివర చిన్న ప్రశ్నలా పైకి లేస్తుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఎలా పలికినా అర్థం చేసుకుంటారు, మొహమాటపడనక్కర్లేదు.

ముందు ఫో సంగతి. ఇది ఉత్తర వియత్నామ్‌లో, హనోయ్, నామ్ దిన్ ప్రాంతాల్లో ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో రూపం దిద్దుకున్న వంటకం. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు లక్షల మంది ఉత్తరం నుంచి దక్షిణానికి తరలివెళ్లారు, వాళ్లతోపాటే ఫో కూడా సైగాన్ చేరింది. అక్కడ సూప్‌లో తీపి కాస్త పెరిగింది, పక్కన పచ్చి ఆకుల పళ్లెం వచ్చి చేరింది. 1975 తర్వాత శరణార్థులై దేశం విడిచినవాళ్లలో దక్షిణాదివారే ఎక్కువ. అందుకే బయటి దేశాల్లో దొరికే ఫో చాలావరకు సైగాన్ పద్ధతిలోనే ఉంటుంది. ఈ రెస్టారెంట్‌దీ అదే పద్ధతి. మొలకలు, థాయ్ తులసి, అంచులు రంపంలా ఉండే పొడవాటి ఆకు న్గో గాయ్, నిమ్మ బద్దలు, పచ్చిమిర్చి చక్రాలు పళ్లెం నిండా పెట్టిస్తారు. హనోయ్ వాళ్లయితే ఇంత పచ్చదనాన్ని గిన్నెలోకి రానివ్వరు. ఉల్లికాడలు, వెల్లుల్లి వేసి నానబెట్టిన వెనిగర్, మిరపకాయ, నంజుకోవడానికి క్వే అనే వేయించిన పిండి కడ్డీలు, అంతే. ఉత్తరాది రుచి ఎరిగినవాళ్లు ఇక్కడి సూప్‌ని తియ్యగా ఉందనవచ్చు. అది లోపం కాదు, పద్ధతిలో తేడా. 2024లో వియత్నామ్ ప్రభుత్వం హనోయ్ ఫోను, నామ్ దిన్ ఫోను జాతీయ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అవి రెండూ ఉత్తరాది పద్ధతులే. ఇక్కడ వాటిని వెతక్కండి.

సూప్ తేటగా ఉంది. గిన్నె అడుగున ఉన్న నూడుల్స్ పైనుంచే కనిపిస్తాయి. ఈ తేటదనం వెనక పెద్ద చాకిరీ ఉంది. ముందు ఎముకలను వట్టి నీళ్లలో పెద్ద మంట మీద ఐదు నుంచి పది నిమిషాలు పొంగించి, ఆ నీళ్లు పారబోసి, ఎముకలను ఒక్కొక్కటిగా చల్లటి నీళ్ల కింద రుద్ది కడగాలి. ఇది ఎగ్గొడితే రక్తం, మడ్డి అంతా సూప్‌లోనే ఉండిపోతుంది. ఆ తర్వాత కొత్త నీళ్లు పోసి, సన్న సెగ మీద, ఎక్కడో ఒక బుడగ లేచేలా ఆరు గంటలు, వీలైతే పది పన్నెండు గంటలు ఉంచాలి. తొందరపడి కుతకుత ఉడికిస్తే కొవ్వు చిన్న చిన్న చుక్కలుగా విరిగి నీళ్లలో కలిసిపోతుంది, సూప్ పాలలా తెల్లబడుతుంది. ఒకసారి అలా అయితే వడకట్టినా తేరుకోదు.

లెక్క కావాలంటే ఐదు లీటర్ల నీళ్లకు రెండున్నర నుంచి మూడు కిలోల ఎముకలు పడతాయి. అందులో కొన్ని మూలుగ ఎముకలు, కొన్ని కీళ్లు ఉండాలి. మూలుగ కొవ్వునూ రుచినీ ఇస్తుంది, కీళ్లు జిగురునిస్తాయి. పెద్ద ఉల్లిపాయలు రెండు, అరచేతి పొడవు అల్లం ఒకటి తొక్కతోనే మంట మీద నల్లబడేదాకా కాల్చి, మాడిన పొర గీకేసి వేస్తారు. అనాసపువ్వులు ఐదారు, ఒక దాల్చినచెక్క, నాలుగైదు లవంగాలు, ఒక నల్ల యాలక్కాయ, చెంచాడు ధనియాలు నూనె లేకుండా వేయించి గుడ్డలో మూటగట్టి వేస్తారు. ఈ మూటను మొదటినుంచీ చివరిదాకా ఉంచేయడమే చాలాచోట్ల జరిగే పొరపాటు. మసాలా గంటల తరబడి నానితే సూప్ కషాయంలా చేదెక్కుతుంది. ఆఖరి గంటలో వేసి, వాసన పట్టగానే తీసేయాలి. ఇక్కడ తాగితే ముందు మాంసం రుచి తెలుస్తుంది, గుటక వేశాక వెనకనుంచి అనాసపువ్వు వస్తుంది. ఆ వరుస సరైనది. ముక్కు దగ్గరకు రాకముందే దాల్చినచెక్క గుప్పుమంటే ఎముకలు తక్కువై మసాలాతో నెట్టుకొస్తున్నారని అర్థం. పటికబెల్లం, ఫిష్ సాస్ చివర్లో పడతాయి. ఫిష్ సాస్‌ని ముందే వేసి మరిగిస్తే దాని సువాసన ఆవిరైపోయి ఉప్పు, నీచు మాత్రమే మిగులుతాయి.

మోనోసోడియం గ్లుటమేట్, అంటే మనం అజినోమోటో అనే రుచి పెంచే దినుసు, వేస్తారా అని చాలామంది అడుగుతారు. వియత్నామ్‌లో వీధి బండి నుంచి పెద్ద హోటల్ దాకా అది మామూలు దినుసే, వేయడం మోసం కాదు. ఎముకలకు బదులుగా దాన్నే వాడితే అది మోసం. తాగాక నాలుక మీద తీపి పొరలాంటిది చాలాసేపు వదలకపోతే, దాహం ఆగకపోతే మోతాదు మించినట్టు. ఇక్కడ అలా అనిపించలేదు.

ఫోలో ఏ ముక్కలు అడగాలన్నది కొత్తవాళ్లను కంగారు పెట్టే విషయం. తాయ్ అంటే పచ్చిగా, కాగితంలా కోసి వేసే బీఫ్. చిన్ అంటే పూర్తిగా ఉడికినది. నామ్ పొట్ట వైపు మాంసం, గావ్ కొవ్వున్న రొమ్ము మాంసం, గన్ అంటే కండను ఎముకకు అతికించే స్నాయువులు జిగురుగా ఉడికినవి, సాక్ అంటే పొరలు పొరలుగా ఉండే బోటి, బో వియన్ అంటే ఉండలు. మొదటిసారి వెళ్లేవారు తాయ్, నామ్ కలిపి అడగడం మేలు. ఒకే గిన్నెలో మెత్తదనమూ దొరుకుతుంది, నమలడానికి కాస్త పీచూ దొరుకుతుంది. గన్ ఇక్కడ ప్రత్యేకంగా బాగుంది. గాజులా మెరుస్తూ, పంటి కింద కాస్త ఆగి కరుగుతుంది. గంటల తరబడి విడిగా ఉడికిస్తే తప్ప అలా రాదు, త్వరగా దింపితే రబ్బరు ముక్కే. బో వియన్ మాత్రం ఎక్కడైనా దొరికే ఫ్రోజెన్ రకం, వదిలేయవచ్చు.

తాయ్ గిన్నె వచ్చిన మొదటి నిమిషం కళ్లు తిప్పుకోకండి. ఎర్రటి పల్చటి ముక్కలు నూడుల్స్ గుట్ట మీద పరిచి, వాటి మీదే మరుగుతున్న సూప్ పోస్తారు. అంచులు ముందు ముడుచుకుని బూడిదరంగుకు మారతాయి, మధ్యలో గులాబీ రంగు కాసేపు నిలుస్తుంది. అప్పుడే చాప్‌స్టిక్స్‌తో అడుగుకు నొక్కి, అరనిమిషం ఆగి తినాలి. ముక్క రెండు మిల్లీమీటర్లకు మించి మందంగా ఉన్నా, గిన్నె చల్లగా ఉన్నా ఈ లెక్కంతా తప్పుతుంది. ఇక్కడ గిన్నెలను వేడి నీళ్లతో కడిగి వెచ్చబెట్టి వాడుతున్నారు, తాకితే తెలుస్తుంది. చాలా రెస్టారెంట్లు పోగొట్టుకునేది ఈ చిన్న పని దగ్గరే. గర్భిణులు, చిన్నపిల్లలు, ఒంట్లో నలతగా ఉన్నవారు తాయ్ జోలికి పోకుండా చిన్ అడగాలి. లేదా పచ్చి మాంసం వేరే పళ్లెంలో ఇమ్మంటే ఇస్తారు, మరిగే సూప్ ఒక చిన్న గిన్నెలో అదనంగా అడిగి అందులో పూర్తిగా ఉడికించుకోవచ్చు.

ఇక ఆకుల పళ్లెం. అంతా ఒకేసారి గుమ్మరించడమే అందరూ చేసే తప్పు. ఫ్రిజ్‌లోంచి తీసిన గుప్పెడు మొలకలు పడగానే సూప్ వేడి తగ్గుతుంది, తాయ్ సగంలో ఆగిపోతుంది, కొవ్వు పెదవులకు అంటుకోవడం మొదలవుతుంది. మొలకలు పచ్చివి వద్దనుకుంటే వేడి నీళ్లలో ముంచి ఇమ్మని అడగండి, విసుక్కోకుండా చేసిస్తారు. తులసి ఆకులు కాడ నుంచి తుంచి, కొన్ని ఇప్పుడు, కొన్ని సగం తిన్నాక వేసుకోవాలి. న్గో గాయ్ పెద్ద ఆకు, చేత్తో చింపితేనే వాసన వదులుతుంది. నిమ్మ ఒక బద్ద చాలు. హోయిసిన్ అనే చిక్కటి తీపి సోయా సాస్, మిర్చి సాస్ సూప్‌లో కలిపేస్తే పన్నెండు గంటల కష్టం నల్లటి తీపి నీళ్లయిపోతుంది. బల్ల మీద చిన్న పింగాణీ సాసర్లు పెట్టింది అందుకే. రెండు సాస్‌లూ అందులో పక్కపక్కన వేసుకుని మాంసం ముక్కలను అద్దుకు తినాలి. సన్నగా తరిగి వెనిగర్‌లో వేసిన ఉల్లిపాయ కూడా అడిగితే ఇస్తారు. గావ్ లాంటి కొవ్వు ముక్కతో అది బాగా కుదురుతుంది.

నూడుల్స్ దగ్గర ఈ వంటగదికి మంచి చేయి ఉంది. బాన్ ఫో అంటే బియ్యప్పిండి జావను పల్చటి పొరగా ఆవిరి మీద ఉడికించి, రిబ్బన్లలా కోసినది. ఇక్కడ తాజావే వాడుతున్నారు. ఒక్కో గిన్నెకు సరిపడా వెదురు పిడి ఉన్న చిల్లుల బుట్టలో వేసి, మరిగే నీళ్లలో పది పదిహేను సెకన్లు ముంచి, పైకి తీసి రెండుసార్లు గట్టిగా విదిలిస్తారు. ఆ విదిలింపు వంటగది కిటికీ లోంచి వినిపిస్తూనే ఉంటుంది. అది సరిగ్గా లేకపోతే నూడుల్స్ పట్టుకున్న నీళ్లన్నీ గిన్నెలోకి వచ్చి సూప్ పలచబడుతుంది. ఎండు నూడుల్స్ వాడే చోట ముందుగా మామూలు నీళ్లలో అరగంటకు పైగా నానబెట్టాలి. నానకుండా ఉడికిస్తే పైన ముద్ద, లోపల పలుకు. గిన్నె వచ్చాక ఫొటోల కోసం ఐదు నిమిషాలు ఆపితే మాత్రం ఎంత మంచి నూడుల్స్ అయినా సూప్ పీల్చి ఉబ్బిపోతాయి. అది వాళ్ల తప్పు కాదు.

అయినా ఈ రెస్టారెంట్‌కి ఒక్కసారే వెళ్లే వీలుంటే ఫో కాదు, బున్ బో హ్వే తినండి. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజులకు రాజధాని అయిన హ్వే నగరం పేరు దీనికుంది. ఫో ఎంత నెమ్మదో ఇది అంత దుడుకు. బీఫ్ ఎముకలతోపాటు పంది కాళ్లూ ఉడుకుతాయి, చితక్కొట్టిన నిమ్మగడ్డి కాడలు కట్టలుగా పడతాయి. అసలు ప్రాణం మామ్ రువాక్, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద. దాన్ని నేరుగా కుండలో వేస్తే సూప్ మురికిగా, నీచుగా అవుతుంది. నీళ్లలో కలిపి కదలకుండా ఉంచి, మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే పోయాలి. ఇక్కడ అలాగే చేస్తున్నారని రుచే చెబుతోంది. రొయ్యల ఘాటు వెనకాల నిలబడి మాంసం రుచిని పెంచుతోందే తప్ప ముందుకొచ్చి ముక్కు మూయించడం లేదు. పైన తేలే ఎర్రటి నూనె రంగు జాఫ్రా గింజలది, కారం మిరపది, ఘుమఘుమ వేగిన నిమ్మగడ్డిది, వెల్లుల్లిది. రంగు చూసి భయపడనక్కర్లేదు, జాఫ్రాలో కారం ఉండదు. నిజంగా కారం కావాలంటే వేయించిన మిరప ముద్ద గిన్నె పక్కనే పెడతారు, పావు చెంచాతో మొదలుపెట్టండి.

బున్ బో హ్వేలో నూడుల్స్ గుండ్రంగా, లావుగా, జారుడుగా ఉంటాయి. పక్కన వచ్చే ఆకుల్లో సన్నగా తరిగిన అరటి పువ్వు ఉండాలి. దాన్ని తరిగిన వెంటనే నిమ్మరసం నీళ్లలో వేయకపోతే నల్లబడుతుంది. ఇక్కడ తెల్లగా, కరకరలాడుతూ వచ్చింది. గిన్నెలో ముదురు గోధుమ రంగు ముక్కలు కనిపిస్తే అవి ఉడికించి గడ్డకట్టించిన పంది రక్తం, హుయెత్ అంటారు. వద్దనుకుంటే ఆర్డర్‌లోనే చెప్పాలి, తర్వాత చెబితే తీసేస్తారుగానీ అప్పటికే సూప్‌లో ఉంటుంది కదా.

హు తియూ నామ్ వాంగ్ ఇక్కడ ఎవరూ పట్టించుకోని మంచి గిన్నె. నామ్ వాంగ్ అంటే వియత్నామీస్‌లో నామ్ పెన్ నగరం, కంబోడియా రాజధాని. పంది ఎముకలు, ఎండు రొయ్యలు, కాల్చిన ఎండు స్క్విడ్ కలిపి కాచిన తేలిక సూప్ ఇది. మసాలా జోలికే పోదు. దీన్ని ‘ఖో’ అని, అంటే పొడిగా అడగండి. నూడుల్స్‌కి వేయించిన వెల్లుల్లి, దాని నూనె, సోయా సాస్ పట్టించి, పైన పంది మాంసం ముక్కలు, కైమా, రొయ్యలు, కౌజు పిట్ట గుడ్డు పెట్టి, సూప్ వేరే గిన్నెలో ఇస్తారు. నూడుల్స్ సాగుతూ పంటికి ఎదురు చెబుతాయి. సూప్‌లో నానే పని లేదు కాబట్టి నిదానంగా తినేవారికి ఇదే సరైన ఎంపిక. మధ్యమధ్యలో ఒక చెంచా సూప్, మళ్లీ నూడుల్స్.

బున్ రియూ మాత్రం నిరాశపరిచింది. పద్ధతి ప్రకారం వరి పొలాల్లో దొరికే చిన్న పీతలను పై డిప్ప తీసేసి, మిగతా పెంకుతో సహా దంచి, నీళ్లలో కలిపి వడకట్టి, ఉప్పు వేసి సన్న మంట మీద పెట్టాలి. వేడెక్కే కొద్దీ పీత మాంసం మేఘంలా పైకి తేలి మెత్తటి తెట్టులా కడుతుంది. ఆ తర్వాత గరిటె పెట్టి కలపకూడదు, కలిపితే చెదిరిపోతుంది. ఇక్కడ గిన్నెలో వచ్చింది గుడ్డు ఎక్కువై బిగిసిన ముద్ద. వాసన చూస్తే సీసాలో అమ్మే పీత ముద్దదే. పొలం పీతలు అన్నిచోట్లా దొరకవు నిజమే, అలాంటప్పుడు ముద్దలో గుడ్డు తగ్గించి, మెత్తగా రుబ్బిన ఎండు రొయ్యలు కలిపితే చాలావరకు నయమవుతుంది. టమాటాలు, వేయించిన టోఫు మాత్రం బాగున్నాయి, పులుపు చక్కగా కుదిరింది. సూప్ తాగవచ్చు, బున్ రియూ అని పిలవడానికి మాత్రం మనసొప్పదు.

కోడి మాంసంతో చేసే ‘ఫో గా’ అనే గిన్నె తేటగా, హాయిగా ఉంది. కోడిని ఉడికించి వెంటనే చల్లటి నీళ్లలో ముంచుతారు, అందుకే చర్మం బిగువుగా ఉంది. రొమ్ము ముక్క మాత్రం పీచుగా ఎండిపోయింది, తొడ మాంసం అడిగి వేయించుకోండి. బీఫ్ తినని వారు ఏ రెస్టారెంట్‌లోనైనా ఒక మాట అడిగి తీరాలి: కోడి ఫోకి వాడే సూప్ కోడిదేనా? చాలాచోట్ల ఒకే కుండలోని బీఫ్ సూప్ పోసి, పైన కోడి ముక్కలు పెట్టిస్తారు. ఇక్కడ రెండు కుండలు వేరువేరుగా ఉన్నాయి, రంగులోనే తేడా తెలుస్తుంది. ఫో చాయ్ అనే శాకాహార గిన్నెలో ముల్లంగి, క్యారెట్, ఎండు పుట్టగొడుగులు, కాల్చిన ఉల్లి సూప్‌కి ఆధారం. ఫిష్ సాస్ వద్దని గట్టిగా చెప్పాలి, అలవాటుగా చేయి దాని మీదకే పోతుంది. గోధుమ పడని వారికి బియ్యం నూడుల్స్‌తో ఇబ్బంది లేదు, హోయిసిన్, సోయా సాస్‌లలో మాత్రం సాధారణంగా గోధుమ ఉంటుంది.

పార్సిల్ విషయంలో వీళ్లకు పూర్తి మార్కులు. సూప్ ఒక డబ్బాలో, నూడుల్స్ ఒకదాంట్లో, పచ్చి మాంసం విడిగా, ఆకులు కాగితంలో చుట్టి ఇస్తారు. ఇంటికి వెళ్లాక సూప్ గోరువెచ్చగా ఉందని అలాగే పోసేయకండి. పొయ్యి మీద తెర్లేదాకా కాచాలి, లేకపోతే తాయ్ ఉడకదు. అతుక్కుపోయిన నూడుల్స్‌ని చేత్తో విడదీయకుండా మరిగే నీళ్లలో పది సెకన్లు ముంచితే వాటంతటవే విడిపోతాయి. గిన్నెని కూడా వేడి నీళ్లతో తడిపి వెచ్చబెట్టుకోండి.

ఎప్పుడు వెళ్లాలన్నదీ ముఖ్యమే. వియత్నామ్‌లో ఫో ప్రధానంగా పొద్దుటి తిండి. ఈ రెస్టారెంట్ మధ్యాహ్నానికి తెరుస్తుంది, తెరిచిన గంటలోపు వెళితే సూప్ అన్నింటికంటే తేటగా ఉంటుంది. రాత్రయ్యే కొద్దీ కుండలో నీళ్లు ఇగిరి ఉప్పు కాస్త పైకి వస్తుంది. అప్పుడు ఒక చిన్న గిన్నెలో వేడి నీళ్లు అడిగి కలుపుకుంటే సర్దుకుంటుంది. శని, ఆదివారాల్లో మూసే వేళకు గంట ముందే ఫో అయిపోయిందని చెప్పేస్తారు. కుండ అడుగంటాక నీళ్లు పోసి పెంచి అమ్మడం లేదు. అప్పుడు వెళ్లినవారు హు తియూ ఖో అడగండి, దాని కుండ వేరు.